చీటీ డబ్బు రాత్రి ఎక్కడ పడుకుంటోంది?

సంపాదకులు గారికి,

నమస్కారం. ఈ మధ్య మీ పేపర్లో టాంటీన్ అనే పాతకాలపు పద్ధతి మీద ఒక వ్యాసం వచ్చింది. యూరప్‌లో కుటుంబాలు డబ్బు కూడబెట్టుకోడానికి అందులో చేరేవట, చివరికి గొడవలై మూతపడిందట, "మన చీటీల్లాంటిదే" అని ఒక్క ముక్కలో తేల్చేశారు రాసినాయన. వ్యాసం బాగానే ఉంది గానీ ఆ ఒక్క ముక్క దగ్గరే నాకు పేచీ. రెండింటినీ ఒకే గాటన కట్టేస్తే జాగ్రత్త పడాల్సిన చోట పడం, అక్కర్లేని చోట భయపడి చస్తాం. నేను కంచరపాలెంలో ఇంట్లోనే చీరలు అమ్ముకుంటాను, ఇద్దరు పిల్లల చదువులు చీటీల మీదే గట్టెక్కాయి, అందుకని ఇంత పొడుగు ఉత్తరం. కత్తిరించాల్సి వస్తే కత్తిరించండి, లెక్కల జోలికి మాత్రం వెళ్లకండి.

ముందు టాంటీన్ సంగతి. 1653లో లొరెంజో డి టోంటీ అనే నేపుల్స్ మనిషి ఫ్రాన్స్‌లో చక్రం తిప్పుతున్న మజారిన్ అనే మంత్రి దగ్గరికి ఈ ఆలోచన పట్టుకెళ్లాడు. అప్పుడు అక్కడ ఖజానా ఖాళీ, యుద్ధాల ఖర్చు, ఇంకో పన్ను వేస్తే జనం మళ్లీ తిరగబడేలా ఉన్నారు. టోంటీ చెప్పిందేమిటంటే, జనం తలా కొంత సొమ్ము రాజుకి ఇవ్వాలి, అసలు ఎప్పటికీ తిరిగి రాదు, కానీ బతికున్నంత కాలం ఏటేటా వడ్డీ వస్తుంది, ఎవరైనా పోతే వాళ్ల వాటా వడ్డీ మిగిలినవాళ్లకి పంచుతారు. ఆఖరి మనిషి పోయిన రోజు రాజు బాకీ కూడా పోయినట్టే. అప్పట్లో అది ఒప్పుకోలేదు, టోంటీ తర్వాతి రోజుల్లో బాస్టిల్ జైల్లో కూడా ఉన్నాడు. పథకం మాత్రం బతికింది. 1670లో హాలండ్‌లోని కాంపెన్ అనే ఊరు ఒకటి పెట్టింది, 1689లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ పెద్ద ఎత్తున మొదలుపెట్టాడు.

ఆ 1689 టాంటీన్‌లో ఆఖరిగా మిగిలింది ఒక వైద్యుడి భార్య, విధవరాలు. 1726లో తొంభై ఆరేళ్ల వయసులో పోయింది. ఆమె పేరున కట్టింది 300 లీవ్రులు, అంటే అప్పటి ఫ్రాన్స్ డబ్బు. చివరికి ఏడాదికి 73 వేలకి పైగా అందుకుంటూ ఉండేది. ఇలాంటి కథ ఒక్కటి చాలు కదా, ఊరంతా వచ్చి చేరడానికి. ఇప్పుడు మన దగ్గర లాటరీ తగిలిన ఒక్కడి ఫొటో చూపించి మిగతా అందరి జేబులు ఎలా కొడతారో అదీ అంతే.

కుటుంబాలు ఇందులో చేరిన తీరు చూస్తే తమాషాగా ఉంటుంది. డబ్బు కట్టేది తండ్రి, లెక్క నడిచేది కూతురి ఆయుష్షు మీద. ఎక్కువ కాలం బతికేవాళ్ల పేరు పెడితేనే లాభం కాబట్టి చిన్నపిల్లల పేర్లు పెట్టేవాళ్లు, అందులోనూ ఏరికోరి ఆడపిల్లల పేర్లు పెట్టినవాళ్లూ ఉన్నారు. ఆడపిల్ల పుట్టిందని మొహం ముడుచుకునే మనలాంటి దేశాల్లో అయితే కనీసం దీని కోసమైనా సంతోషించేవాళ్లేమో. పేరున్న మనిషి ఇంకా బతికే ఉందని ఏటా రుజువు చూపించాలి, అది లేకపోతే వడ్డీ రాదు. నవంబర్ వచ్చేసరికి పోర్టు పెన్షనర్లు, నేవీ పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ కోసం మీసేవ సెంటర్ల దగ్గర వేలిముద్ర పడక తిప్పలు పడతారు చూడండి, ఆ బాధ అప్పటి నుంచీ ఉన్నదే.

ఇంగ్లండు కూడా 1693లో పది లక్షల పౌండ్లు కావాలని టాంటీన్ పెట్టింది. వాటా వంద పౌండ్లు, 1700 దాకా నూటికి పది వడ్డీ, తర్వాత ఏడు, ఆ ఏడునే బతికున్నవాళ్లు పంచుకోవాలి. వచ్చింది మాత్రం లక్షా ఎనిమిది వేల చిల్లర. ఆ చేరినవాళ్లలో ఆఖరి మనిషి 1783లో నూరేళ్లు నిండి పోయారు, అంటే తొంభై ఏళ్లు నడిచిందన్నమాట ఆ ఒక్క పథకం. న్యూయార్క్‌లో 1790లలో వ్యాపారులు 203 వాటాలు వేసుకుని, వాటా 200 డాలర్ల చొప్పున, టాంటీన్ కాఫీ హౌస్ అని కట్టుకున్నారు, ఇప్పుడు ప్రపంచమంతా చూసే ఆ వాల్ స్ట్రీట్ షేర్ల బేరాలు కొన్నాళ్లు అందులోనే నడిచాయి. ఇదంతా మునిగిపోయిన కథ ఏమీ కాదు. చాలామందికి అనుకున్న డబ్బు వచ్చింది.

మరి చెడింది ఎక్కడ? మీ వ్యాసంలో లేనిది ఇదే. 1770లో ఫ్రాన్స్‌లో టెరే అనే ఆర్థిక మంత్రి, ఖజానా మళ్లీ ఖాళీ అయితే, టాంటీన్లలో పోయినవాళ్ల వాటా బతికున్నవాళ్లకి పంచడం ఆపేశాడు. ఆపేశాడంతే. అప్పటికి ముప్పై నలభై ఏళ్లుగా పక్కవాళ్ల వాటా తమకి వస్తుందని ఎదురుచూస్తున్న ముసలివాళ్లు ఎవరిని అడగాలి? డబ్బు ఉన్నది రాజు దగ్గర, రూలు మార్చేదీ రాజే.

అమెరికాలో ఇంకా గమ్మత్తు. 1868లో హెన్రీ హైడ్ అనే ఆయన ఈక్విటబుల్ అనే బీమా కంపెనీలో టాంటీన్ పాలసీలు మొదలుపెట్టాడు. బీమా ఉంటుంది, కానీ బోనస్ ఏటా ఇవ్వరు, ఇరవై ఏళ్లు దాచిపెట్టి, అప్పటికి మిగిలినవాళ్లకి ఒకేసారి పంచుతారు. మధ్యలో ప్రీమియం కట్టలేక ఆపేసినవాడికి సున్నా, వాడు కట్టింది మిగతావాళ్ల కుండలోకి. 1905 నాటికి ఇలాంటి పాలసీలు తొంభై లక్షల దాకా ఉండేవని అంచనా. ఇరవై ఏళ్లు దాచిన ఆ డబ్బుకి ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. అదే ఏడాది జనవరిలో హైడ్ కొడుకు న్యూయార్క్‌లో ఫ్రాన్స్ రాజదర్బారు వేషాలతో పెద్ద విందు చేశాడు, దాని ఖర్చు కంపెనీ ఖాతాలో రాశాడని పేపర్లన్నీ కోడై కూశాయి. విచారణ కమిటీ వేశారు, చార్లెస్ ఎవాన్స్ హ్యూజ్ అనే లాయరు ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టి ప్రశ్నలడిగాడు, 1906లో న్యూయార్క్ రాష్ట్రం అలా బోనస్ దాచిపెట్టే పాలసీలు ఇక అమ్మకూడదని చట్టం చేసింది.

రెండు చోట్లా లెక్కలో తప్పు లేదు. జనం డబ్బు ఏళ్ల తరబడి ఒకరి చేతిలో ఊరికే పడి ఉంది, వాళ్లు ఎవరికీ పుస్తకం చూపించక్కర్లేదు, తప్పంతా అక్కడ.

ఇప్పుడు మన చీటీ సంగతి చూడండి. లక్ష రూపాయల చీటీ, ఇరవై మంది, నెలకి ఐదు వేలు, ఇరవై నెలలు. ఈ నెల పాటలో ఒకావిడ పాతిక వేలు తగ్గించుకుని పాడేసింది అనుకుందాం. ఆవిడకి చేతికి వచ్చేది 75 వేలు. ఆ పాతిక వేలలో నడిపే మనిషి కమిషన్ ఐదు వేలు పోతే మిగతా ఇరవై వేలు అందరికీ తలా వెయ్యి, దాన్నే డివిడెండ్ అంటారు. అంటే ఆ నెల ప్రతి ఒక్కరూ కట్టేది నాలుగు వేలే. ఇరవై నాలుగులు ఎనభై వేలు వచ్చాయి, ఎత్తినావిడకి డెబ్భై ఐదు, నడిపే మనిషికి ఐదు, అయిపోయింది. ఆ రాత్రి నడిపే మనిషి బీరువాలో ఒక్క రూపాయి కూడా ఉండకూడదు. తొందరగా ఎత్తినవాళ్లకి అది అప్పు, ఆఖరిదాకా ఆగినవాళ్లకి అది పొదుపు, మధ్యలో బ్యాంకు మేనేజరు మొహం ఎవరూ చూడక్కర్లేదు.

ఇంకో తేడా కూడా చెప్పాలి. టాంటీన్‌లో పక్కవాడు పోతే మీకు లాభం. చీటీలో పక్కవాడు పోతే మీకు టెన్షన్, ఎత్తేసినవాడైతే మరీనూ, మిగతా నెలలు ఎవరు కడతారని. అందుకే మా వీధిలో చీటీ ఎత్తినాయనకి జ్వరం వస్తే బత్తాయిలు పట్టుకుని అందరికంటే ముందు పరిగెత్తేది చీటీ జట్టే. నవ్వుకోండి పర్వాలేదు, కానీ పక్కవాడి ఆరోగ్యం, పక్కవాడి ఉద్యోగం బాగుండాలని పది మంది లెక్క ప్రకారం కోరుకునే ఏర్పాటు ఇంకొకటి నాకైతే కనపడలేదు.

మా తమ్ముడు మర్చంట్ నేవీలో చేసేవాడు. కామెరూన్‌లో డౌలా రేవు దగ్గర సరుకు అమ్ముకునే ఆడవాళ్లు వారం వారం ఇలాగే డబ్బు పోగేసి వంతుల వారీగా ఎత్తుకుంటారని, దాన్ని టాంటీన్ అనే అంటారని చెప్పాడు. ఫ్రెంచివాళ్లు ఏలిన దేశాల్లో చాలా చోట్ల అంతేనట. మీ వ్యాసం రాసినాయనకి గందరగోళం అక్కడే వచ్చి ఉంటుంది. పేరు ఒకటే, పద్ధతి మనది.

మన విశాఖలో చీటీ ఎందుకింత పాతుకుపోయిందో నాకు తోచింది చెప్తాను. పోర్టు 1933లో, షిప్‌యార్డు 1941లో వచ్చాయి, తర్వాత రిఫైనరీ, స్టీల్ ప్లాంటు. నెల జీతం అనేది ఈ ఊళ్లో తరతరాలుగా ఉంది, జీతం తారీఖు అందరికీ తెలుసు, ఎవడు ఏ సెక్షన్‌లో పనిచేస్తాడో తెలుసు, పారిపోతే ఎక్కడ దొరుకుతాడో తెలుసు. ఇక ఫిషింగ్ హార్బర్ వైపు లెక్క వేరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, ఆ రెండు నెలలూ బోట్లు ఒడ్డునే. సరిగ్గా నిషేధం అయ్యాక వలలకీ, ఇంజన్ రిపేర్లకీ, ఐసుకీ డబ్బు కావాలి, అదే సమయానికి స్కూలు ఫీజులు. జూన్‌లో పాట ఎంత పైకి పోతుందో చూడాలి మీరు. జాగ్రత్తపరులు ఆ నెల చచ్చినా పాడరు. డివిడెండ్ తీసుకుని కూర్చుంటారు. సంక్రాంతి ముందు కూడా అంతే. శ్రావణంలో పెళ్లిళ్లుంటే బంగారం కొనేవాళ్లు కురుపాం మార్కెట్‌కి వెళ్లేది చీటీ ఎత్తాకే.

మరి ఇంత బాగుంటే "చీటీల పేరుతో టోకరా" అని మీరు ప్రతి నెలా ఎందుకు రాయాల్సి వస్తోంది? వస్తోంది, కాదనను. కానీ ఆ వార్తల్ని జాగ్రత్తగా చదివితే దాదాపు ప్రతిదాంట్లో ఒక వాక్యం ఉంటుంది, మీ విలేఖరులు దాన్ని ఆఖరి పేరాలో పడేస్తారు. "పాడుకున్న డబ్బు తన దగ్గరే ఉంచితే నూటికి రెండు రూపాయల వడ్డీ ఇస్తానని నమ్మించింది." అసలు వార్త అదేనండీ! చీటీ ఎత్తిన రోజే చీటీ పని అయిపోయింది. ఆ తర్వాత ఆ డబ్బు అక్కడే వదిలారంటే అది డిపాజిట్. నడిపే మనిషి ఆ డబ్బుతో ప్లాటు కొంటుంది, ఇంకెవరికో నాలుగు రూపాయల వడ్డీకి ఇస్తుంది, కొత్త చీటీ మొదలుపెట్టి ఆ కట్టుబడితో పాత వడ్డీలు ఇస్తుంది, లేని మనుషుల పేర్లు చేర్చి ఆ పాటలన్నీ తనే పాడుకుంటుంది. ఎక్కడో ఒకచోట ప్లాటు అమ్ముడు పోదు, ఇంకేముంది, రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ, లేకపోతే కోర్టులో ఐపీ. మా పక్క వీధిలో సరిగ్గా ఇదే జరిగింది, పోయినవాళ్లలో కూతురి పెళ్లి కోసం దాచుకున్నవాళ్లున్నారు. వాళ్లు మునిగింది చీటీ పాటలో కాదు, ఆ తర్వాత వదిలేసిన డబ్బులో.

1770 ఫ్రాన్స్, 1905 న్యూయార్క్, మా పక్క వీధి, మూడింట్లోనూ జరిగింది ఒకటే.

చట్టం చేసినవాళ్లకి ఈ సంగతి తెలుసు. 1982 చిట్ ఫండ్స్ చట్టంలో, పాడినవాళ్లు తర్వాతి వాయిదా తేదీ దాకా డబ్బు తీసుకోకపోతే వెంటనే దాన్ని బ్యాంకులో విడిగా ఖాతా తెరిచి వేయాలని ఉంది. నడిపేవాళ్లు ముందే చీటీ మొత్తానికి సరిపడా హామీ చీటీల రిజిస్ట్రార్ దగ్గర పెట్టాలి. ప్రతి పాటలో ఏం జరిగిందో మినిట్స్ రాసి దాఖలు చేయాలి. జనం దగ్గర డిపాజిట్లు తీసుకోకూడదని చిట్ కంపెనీలకి రిజర్వ్ బ్యాంక్ నిబంధన. 2019లో సవరణ తెచ్చారు, కమిషన్ నూటికి ఐదు నుంచి ఏడుకి పెంచారు, ఒక్క మనిషి నడపగలిగే చీటీల మొత్తం లక్ష నుంచి మూడు లక్షలకి పెంచారు, పాటకి వీడియోలో హాజరైనా చెల్లుతుందన్నారు. ఆ కమిషన్ మీద జీఎస్టీ నూటికి 18. అది ఎవరి నెత్తిన పడుతుందో వేరే చెప్పాలా.

ఇక్కడే అసలు చిక్కు. ఈ చట్టం ఆఫీసూ బోర్డూ ఉన్న కంపెనీని మనసులో పెట్టుకుని రాసింది. రిజిస్ట్రేషన్ లేకుండా చీటీ నడిపితే రెండేళ్ల దాకా జైలు. పక్కింటి పన్నెండు మందితో నెలకి వెయ్యి చొప్పున చీటీ వేసుకునే ఇల్లాలు ముందే అనుమతి తెచ్చుకుని, హామీ పెట్టి, రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరుగుతుందా? తిరగదు. అంటే చట్టం దృష్టిలో మా వీధిలో సగం మంది నేరస్తులు. దాని ఫలితం ఏమిటంటే, ఎవరైనా ఎగ్గొడితే పోలీసుల దగ్గరికి వెళ్లడానికి భయం, "మీదసలు రిజిస్టర్డ్ చీటీయేనా" అని మొదటి ప్రశ్న వేస్తారని. మోసం చేసేవాళ్లకి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. అసలు 1982 చట్టంలో వంద రూపాయల లోపు చీటీలకి మినహాయింపు ఉండేది, వంద రూపాయలు! 2019 సవరణలో ఆ గీత ఎక్కడ గీయాలో రాష్ట్ర ప్రభుత్వాలకి వదిలేశారు. ఆ గీత ఇప్పుడు ఎక్కడుందో మా వీధిలో ఒక్కరికీ తెలీదు. కాబట్టి ముందు అది కనుక్కుని మీ సిటీ పేజీలో పెద్ద అక్షరాలతో వేయండి.

రెండోది, చిన్న చీటీలకి వార్డు సచివాలయంలోనే ఒక రిజిస్టరు పెట్టమని గట్టిగా రాయండి. ఎంత చీటీ, ఎంతమంది, ఎవరెవరు, ప్రతి నెలా ఎవరు ఎత్తారు, ఎత్తినవాళ్లు డబ్బు ముట్టిందని సంతకం పెట్టారా లేదా. ఇంతే. ఆ ఆఖరి సంతకం ఉంటే చాలు, డబ్బు నడిపే మనిషి దగ్గర ఉండిపోయిందో లేదో ఇరవై మందికీ తెలిసిపోతుంది. డ్వాక్రా సంఘాల్లో పుస్తకాలు రాయడం ఈ ఆడవాళ్లకి అలవాటే, ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. కేరళలో అయితే ప్రభుత్వమే 1969 నుంచి కేఎస్ఎఫ్ఈ అనే సంస్థతో చీటీలు నడుపుతోంది, త్రిచూర్‌లో హెడ్డాఫీసు. మనకి అంత లేకపోయినా కనీసం రిజిస్టరు పెట్టలేమా? పెట్టనివ్వరని కూడా తెలుసు, ఎవరి వాటాలు వాళ్లకుంటాయి.

మూడోది మీతోనే. చీటీ మోసం వార్త రాసేటప్పుడు "చీటీల పేరుతో" అని ఊరుకోకుండా, ఎంత డబ్బు పాట వాయిదాలది, ఎంత వడ్డీకి వదిలిందీ విడివిడిగా అడిగి రాయమని మీ విలేఖరులకి చెప్పండి. బాధితులు కూడా మొదట ఆ వడ్డీ సంగతి చెప్పరు, సిగ్గుపడతారు, కాస్త కూర్చుని మాట్లాడితే చెప్తారు. రెండు మూడు వార్తలు అలా వస్తే, పాడిన డబ్బు రేపు తీసుకుంటాలే అనే మాట మా వీధుల్లో తగ్గుతుందని నా నమ్మకం.

నా పేరు, ఇంటి నంబరు విడిగా కాగితం మీద రాసి ఈ ఉత్తరంతో పాటు పెట్టాను. పేపర్లో మాత్రం వేయకండి, ఎందుకో పైన రాసిన రెండేళ్ల సంగతి చదివితే మీకే అర్థమవుతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కంచరపాలెం, విశాఖపట్నం